రెండు గొంతుల సాక్సు

నేను ఒక పిరికి సాక్సాఫోన్‌ని. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. సాక్సాఫోన్ అనగానే మీకు తళతళలాడే కోటు వేసుకున్నవాడు ఒళ్ళు వెనక్కి వంచి వాయించడం గుర్తొస్తుంది. ఆ తళతళ నాకూ ఉండేది. మెరుపు వేరు, గుండె వేరు.

మీరట్ ఊళ్ళో ఒక ఇరుకు సందులో పుట్టాను. పుట్టాననడం కన్నా మారానంటే నిజం. నాకంటే ముందు నేను చాలా వస్తువుల్ని. సొట్టలు పడిన చెంబులు, విరిగిన దీపపు సెమ్మె, తలుపు గొళ్ళేలు, ఎక్కడిదో పగిలిన గంట. అన్నిటినీ ఒకే మూసలో పోసి కరిగించారు. కరిగేటప్పుడు చెంబుకు తాను చెంబునన్న సంగతి ఎంతసేపు గుర్తుంటుందో మీకు తెలియదు. నాకు తెలుసు. చివరిదాకా గుర్తుంటుంది. ఆ తర్వాత రేకుగా సాగగొట్టి, గొట్టంగా చుట్టి, మెడ వంచి, మీటలు బిగించి, మూతల కింద మెత్తటి తోలు బిళ్ళలు అంటించి ఇక నుంచి నువ్వు సాక్సాఫోన్‌వి అన్నారు. సరేనన్నాను. కానీ ఇప్పటికీ ఎక్కడ పొయ్యి రాజేసినా నా ఒళ్ళు జలదరిస్తుంది.

అక్కడి నుంచి రైలెక్కి చీరాల చేరాను, సాల్మన్ మాస్టరు గారి పెళ్ళి మేళంలోకి. మేళంవాళ్ళకు నా పూర్తి పేరు పలికే ఓపిక లేదు. సాక్సు అన్నారు. మేళం గదిలో గోడ నిండా మేకులు, మేకుకో వాయిద్యం. నా పక్క మేకుకు యూఫోనియం అనే పెద్ద పొట్ట బాకా ఒకటి వేలాడేది. ముసలిది. పొట్ట నిండా సొట్టలు. ఒక రోజు ఇత్తడి సామాన్ల వర్తకుడు త్రాసు పట్టుకుని వచ్చాడు. మాస్టరు గారు దాన్ని ఒకసారి ఊది చూసి, "దీనికింక పాట రాదు. తూకానికి తీసుకో," అన్నారు. అంతే. ఆ వేసవిలోనే మాస్టరు గారి భార్య కొత్త బిందెతో నీళ్ళు తెచ్చి గది మూల దించింది. ఆమె గాజులు తగిలినప్పుడల్లా బిందె లోపల ఏదో మూలిగినట్టు వినపడేది. అందులో ఎవరున్నారని నేను అడగలేదు.

పాట వచ్చినంత కాలం మేకు. రాని రోజున నిప్పు. నాకు తెలిసిన ధర్మం ఇదొక్కటే.

మట్టా తిమోతి మేళంలో చేరినప్పుడు అతనికి మీసం అప్పుడప్పుడే నల్లబడుతోంది. చీరాల పక్క పల్లె. తండ్రి చెంచయ్య డప్పు కొడతాడు. తిమోతి చర్చిలో పాడేవాడు. ఆ గొంతు విని మాస్టరు గారు పిలిపించి నన్ను చేతిలో పెట్టారు. పెట్టిన క్షణమే నాకు తెలిసిపోయింది, ఇతనూ నాలాంటి వాడేనని. మీటల మీద వేళ్ళు చెమటతో జారుతున్నాయి. ఊపిరి నాలోకి వణుకుతూ వచ్చింది. మనిషి భయం ముఖంలో కనపడక ముందే ఊపిరిలో తెలుస్తుంది. ఊపిరి మొదట చేరేది నా దగ్గరికే.

"ఏందిరా తిమోతీ, నువ్వు దాన్ని పట్టుకున్నావా, అది నిన్ను పట్టుకుందా?" అన్నారు మాస్టరు గారు.

"చేతులు వణుకుతన్నాయండీ."

"వణకనీ. గమకం అనుకుంటారు పెళ్ళోళ్ళు."

ఆ మేళానికి ఒక పద్ధతి ఉండేది. పెళ్ళి ఊరేగింపు వెళ్ళే దారిలో చావు జరిగిన ఇల్లు వస్తే మేళం మోగకూడదు. అలాగని పెళ్ళివాళ్ళు అక్కడ ఆగడానికీ లేదు. అందుకని మాస్టరు గారు చెయ్యెత్తేవారు. అందరూ వాయిద్యాలు నోటి దగ్గరే ఉంచుకుని, స్వరం పలకకుండా ఉత్త గాలి ఊదుతూ, మీటలు మాత్రం టకటకా కదుపుతూ, ఆ చప్పుడుకే అడుగులు కలుపుతూ నడిచేవారు. ఆ ఇల్లు దాటాక మాస్టరు గారు చెయ్యి దించితే పాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకునేది. దీన్ని వాళ్ళు ఉత్తూపిరి అనేవారు.

తిమోతికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. తొలి ఊరేగింపులో, పేరాల దగ్గర ఒక ఇంటి ముందు అందరి పాటా ఒక్కసారి పడిపోయింది. ఆ నిశ్శబ్దంలో మా స్వరం ఒక్కటే, పొడుగ్గా, నగ్నంగా నిలబడిపోయింది. ఆ ఇంటి అరుగు మీద తెల్ల గుడ్డ కప్పి ఎవరినో పడుకోబెట్టి ఉన్నారు. పక్కన కూర్చున్న ఆడమనిషి తలెత్తి మా వైపు చూసింది. తిట్టలేదు. చూసిందంతే. తిమోతి ఊదడం ఆపేశాడు. పళ్ళు నా మౌత్‌పీసు మీద దిగబడ్డాయి. ఆ గాటు ఇంకా ఉంది.

ఆ తర్వాత వానాకాలంలో ఎలుక నా కొంప ముంచింది. అన్నిటికన్నా కింద ఉండే పెద్ద మూత లోపలి తోలును కొరికేసింది. కింది స్వరాలు పలకడం మానేశాయి. గాలి ఉస్సుమని పక్క నుంచి పోతోంది. మాస్టరు గారు ఊది చూసి పెదవి విరిచారు. ఆ పెదవి విరుపు నేను ముందోసారి చూశాను, పక్క మేకు దగ్గర.

"వచ్చే లగ్గాల దాకా చూస్తా తిమోతీ. పలికిందా సరే. లేదంటే ఇత్తడాయన వస్తాడు."

తిమోతి నన్ను గోనెసంచిలో చుట్టి ఇంటికి పట్టుకుపోయాడు. చెంచయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మాట తక్కువ మనిషి. నన్ను ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, మూత ఎత్తి వేలు పెట్టి చూశాడు.

"ఇంత పొడుగు వస్తువుకి రోగం ఇంతేనా?"

"దీని తోలు మెడ్రాసులో దొరుకుద్దంట నాయనా."

"తోలుకి మెడ్రాసు పోవాలంట్రా? మనింట్లో?"

అతని డప్పు అప్పటికే అంచున చీలి, గోడకు తగిలించి ఉంది. కత్తి తీసుకుని దాని మధ్యలోంచి, దెబ్బలు తినీ తినీ నున్నబడిన చోటు నుంచి గుండ్రంగా బిళ్ళ కోశాడు. చింతగింజల జిగురుతో నా మూతకు అంటించి దారంతో కట్టాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత చితుకులు పోగేసి మంట పెట్టాడు.

నాకు ఊపిరి లేదు గానీ ఉంటే ఆగిపోయేది. చెంచయ్య నన్ను రెండు చేతులా పట్టుకుని, అడుగు భాగం మంటకు దగ్గరగా పెట్టి, అచ్చం డప్పును కాచినట్టే అటూ ఇటూ తిప్పుతూ కాచాడు. ఎక్కడి చెంబు, ఎక్కడి గంట, అన్నీ నాలో ఒక్కసారి లేచి గోల పెట్టాయి. ఇదే చివరనుకున్నాను. తోలు బిగుసుకుంటూ టిక్కుమంది. చెంచయ్య గోటితో దాన్ని మీటి, చెవి పెట్టి విని, "ఊదు," అన్నాడు.

తిమోతి ఊదాడు. పై స్వరాలు మామూలుగానే వచ్చాయి. కిందికి దిగేసరికి ఒక గొంతు రెండైంది. ఒకటి నాది. ఇంకొకటి దాని కింద, కాస్త బొంగురుగా, అదురుతూ, డప్పు మీద అరచెయ్యి రుద్దినట్టు. తండ్రీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెంచయ్య నా మూత మీద వేలు ఆనించి, "నేనూ ఉన్నాన్లే అంటాంది," అన్నాడు.

మాస్టరు గారు విన్నారు. "ఇదేందిరా, ఒకడు పాడతంటే ఇంకొకడు ఏడుస్తన్నాడు? పెళ్ళిలో కిందికి దిగమాక. పైనే తిరుగు," అన్నారు. త్రాసు రాలేదు. నాకదే చాలు.

ఆ ఏడాది తిరక్కుండా చెంచయ్య పోయాడు. ఆ తర్వాత తిమోతి ఎవరూ లేనప్పుడు ఇసుక దిబ్బల మీదికి పోయి కింది స్వరాలు వాయించుకునేవాడు. వాయించే ముందు తాటాకు వెలిగించి నన్ను కాచేవాడు. చెమ్మ తగిలితే ఆ తోలు వదులైపోతుంది. కాస్తేనే రెండో గొంతు వచ్చేది. ప్రతిసారీ నేను వణికేదాన్ని. ప్రతిసారీ అతనూ వణికేవాడు, ఈసారి పలకదేమోనని. నాది నిప్పు భయం, అతనిది నిప్పు ఆరాక వచ్చే భయం.

ఒక పెళ్ళిలో సినిమా మనిషి ఎవరో విని మద్రాసు రమ్మన్నాడు. పోయాం. స్టూడియోలో నల్ల కళ్ళద్దాల సంగీత దర్శకుడు కింది స్వరాలు విని భలే సంతోషపడ్డాడు. ఆయనకు ఆ గొంతు దేనికి పనికొస్తుందో వెంటనే తెలిసింది. దయ్యాలకు. పాడుబడ్డ బంగళా తలుపు కిర్రుమందంటే తిమోతిని పిలవండి. తెల్ల చీర చెట్టు మీది నుంచి దిగిందంటే తిమోతిని పిలవండి. మనుషులు డబ్బిచ్చి భయాన్ని కొనుక్కుంటారని నాకు అక్కడే తెలిసింది. మేమిద్దరం ఊరికే భయపడుతుంటే, ఆ భయాన్ని రీలు మీదికి ఎక్కించి ఊరూరా పంచారు.

తిమోతికి అప్పటికి పెళ్ళయింది. భార్య కరుణమ్మ చీరాల మగ్గాల పేటలో పెరిగిన మనిషి. నోట్లో మాట ఆగదు.

"మీ ఆయన ఏం చేస్తాడని పక్కింటామె అడిగింది. దయ్యాలకి పాటలు కడతాడని ఎట్టా చెప్పేది?" అనేది.

"సినిమాల్లో అని చెప్పు."

"చెప్పా. ఏ పాటంది. పాట కాదమ్మా, చీర దిగేటప్పుడు వచ్చే ఊళ అన్నా. మళ్ళా మనింటికి రాలా ఆమె."

స్టూడియోలో పియానో వాయించే గోవా మనిషి ఒకాయన, మెండోంసా, మమ్మల్ని ఊరికే వదల్లేదు. సాయంత్రాలు హోటల్లో జాజ్ వాయించేవాడు. ఒక రోజు తిమోతిని పక్కన కూర్చోబెట్టుకుని, తన తమిళం కలిసిన తెలుగులో, "నీ కింద గొంతు దయ్యం కాదు. దాన్ని వెంటబెట్టుకుని నడువు. అది యాడికి పోతుందో చూడు," అన్నాడు. జాజ్ అంటే తెలిసిన దారి వదిలిపెట్టి తప్పిపోవడం, తప్పిపోయాక మళ్ళీ దారికి రావడం, అన్నాడు.

"రాలేకపోతే?" అన్నాడు తిమోతి.

"భయపడు. భయపడుతూనే వాయించు. ఆపమాకు."

ఆ మాట పట్టుకుని తిమోతి లోకం మీద పడ్డాడు. బొంబాయి, కలకత్తా, జపాను, ఎక్కడెక్కడికో. మెండోంసా పక్కనే ఉండేవాడు. తిమోతి సొంతంగా కట్టిన పాటలు అంతకు ముందు ఎవరూ కట్టినవి కావు. వాడరేవులో వల లాగేవాళ్ళ కేకలకు ఒకటి కట్టాడు. కరుణమ్మ పుట్టింటి మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే వాటి మధ్య నిలబడి ఒకటి వాయించాడు. చర్చి పిల్లలు గుసగుసలాడుతుంటే వాళ్ళ గుసగుసల మీద ఒకటి. కొన్నిటికి పేర్లే పెట్టలేదు. అర్థం కానివాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. అర్థం కాని మిగతావాళ్ళు కూర్చునేవారు. కూర్చున్నవాళ్ళలో కొందరు పత్రికల్లో రాసేవారు.

ఎక్కడికి వెళ్ళినా వేదిక ఎక్కే ముందు ఒక గంపెడు గొడవ. నిప్పు కావాలి. పెద్ద పెద్ద హాళ్ళలో నిప్పు పనికిరాదు. చివరికి మట్టి మూకుట్లో నాలుగు బొగ్గులు ఒప్పుకునేవారు. పక్కన ఒకడు బకెట్టు నీళ్ళతో నిలబడేవాడు. తిమోతి జనం ముందే గొంతుక్కూర్చుని నన్ను కాచేవాడు. జనం దాన్ని కూడా పాటలో భాగం అనుకునేవారు. బకెట్టువాడు నిప్పునే చూసేవాడు. ఆ హాల్లో నా బాధ తెలిసినవాడు అతనొక్కడే.

ఇక జర్మనీ సంగతి. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ మనసు రాదు.

అక్కడ సంగీత పండగ జరిపించే ఆవిడ పేరు ఊర్సులా. పెద్దావిడ, వెన్నలాంటి మనసు. ముందు రోజు మా సాధన విని, నా కింది మూతకు దారంతో కట్టిన తోలు ముక్క చూసి ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఇంత గొప్ప కళాకారుడికి మంచి వాయిద్యం కూడా లేదే అనుకుంది. తిమోతి ప్రయాణ బడలికతో పడుకున్నప్పుడు, చెబితే మొహమాటపడతాడని చెప్పకుండా, నన్ను కారులో పెట్టుకుని ఆ ఊళ్ళోకెల్లా మంచి పనివాడి దగ్గరికి తీసుకెళ్ళింది.

అతను మంచి పనివాడే. నన్ను విప్పి, కడిగి, ప్రతి స్క్రూ తుడిచాడు. నా ఒంటి మీద అంత మర్యాదగా ఎవరూ చెయ్యి వేయలేదు. కింది మూత దగ్గరికి వచ్చి, దారం కోసి, చెంచయ్య తోలును పట్టకారుతో ఎత్తి, చచ్చిన పురుగును చూసినట్టు దీపం కింద చూశాడు. పక్కనున్న డబ్బాలో వేశాడు. నేను అరిచాను. అరిచాననుకున్నాను. ఊదేవాడు లేకపోతే నాకు గొంతే లేదని అప్పుడు తెలిసింది.

కొత్త తెల్ల బిళ్ళ వేసి, పలుచటి కాగితంలో చుట్టి, మధ్యాహ్నానికి ఇచ్చాడు. ఊర్సులా నన్ను తిమోతి చేతుల్లో పెట్టి, చిన్నపిల్లలా నవ్వుతూ ఎదురుగా నిలబడింది. తిమోతి కాగితం విప్పాడు. మూత ఎత్తి చూశాడు.

"ఆ పాత తోలు యాడుందో అడగండి," అన్నాడు మెండోంసాతో. గొంతు మామూలుగానే పెట్టాడు.

మెండోంసా అడిగాడు. ఆవిడ ఆప్యాయంగా తిమోతి భుజం తట్టింది. దాని గురించి బెంగపడొద్దు, పారేశారు అంది.

తిమోతి రెండు చేతులూ జోడించాడు. మెండోంసా ఆ కొట్టుకు పరుగెత్తాడు. కొట్టు మూసి ఉంది, చెత్త బండి వచ్చి వెళ్ళింది.

సాయంత్రం, వేదిక వెనక గదిలో తిమోతి తలుపు వేసి కింది స్వరం ఊదాడు. గుండ్రంగా, శుభ్రంగా వచ్చింది. ఏ ఊళ్ళో ఏ కొట్లో కొన్న సాక్సైనా పలికే స్వరం. మళ్ళీ ఊదాడు. మళ్ళీ అదే. నన్ను ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. అతని గుండె నా వీపుకు తగులుతోంది. నేను చెబుతున్నాను, ఏ మేళంలోనూ డోలు అంత వేగంగా కొట్టడం వినలేదు.

"పై స్వరాలతో నడిపించెయ్," అన్నాడు మెండోంసా.

"పైన నేనొక్కణ్ణే సార్. కింద నాయన ఉండేవాడు."

బయట జనం కూర్చుంటున్న చప్పుడు. నాకు మేళం గది గుర్తొచ్చింది, పక్క మేకు గుర్తొచ్చింది. దీనికింక పాట రాదు. ఇతనే అంటాడా ఆ మాట? ఇన్నేళ్ళ తర్వాత, ఇంత దూరం వచ్చి, ఇతని నోటి నుంచే వినాలా?

దీపాల వెలుగులోకి వెళ్ళాం. మూకుడు ఉంది, బొగ్గులు ఉన్నాయి, బకెట్టువాడు ఉన్నాడు. తిమోతి మూకుడు వైపు చూడలేదు. నన్ను నోటికి తీసుకున్నాడు. ఊపిరి వచ్చింది. స్వరం రాలేదు. అతను రానివ్వలేదు. ఉత్త గాలి. వేళ్ళు కదిలాయి, టక, టక, టకటక. అడుగు వేశాడు. మళ్ళీ అడుగు. ఆ పెద్ద వేదిక మీద ఒక చివరి నుంచి రెండో చివరికి, పేరాల దారిలో నడిచినట్టు నడవడం మొదలుపెట్టాడు.

ఉత్తూపిరి. చెంచయ్య చావిల్లు దాటుతున్నాం.

మెండోంసాకు ఈ పద్ధతి తెలియదు. అయినా పియానో మీది నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. జనం మొదట దగ్గారు, కుర్చీల్లో కదిలారు. తర్వాత ఆ కదలికలు ఆగిపోయాయి. నాకు జనం మౌనాలు తెలుసు. విసుగు మౌనం వేరు. ఇది అది కాదు. ముందు వరసలో ఒక ముసలాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. చీరాలలో చావింటి ముందు తలగుడ్డ తీసినట్టే. ఎవరు చెప్పారు ఆయనకు?

ఒక్క స్వరం కూడా పలక్కుండా తిమోతి అవతలి చివర చేరాడు. ఆగాడు. చెయ్యి దించేవాళ్ళు ఎవరూ లేరు. తనే తల వంచాడు.

అక్కడివాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఊర్సులా ఏడుస్తూ వచ్చి కౌగిలించుకుంది. వెనకే ఆ పనివాడు కూడా వచ్చాడు, మంచి కోటు వేసుకుని. తను బాగుచేశాక గాలి ఎక్కడా వృథా కావడం లేదని, ఉత్త ఊపిరి కూడా ఎంత స్పష్టంగా వినపడిందోనని గర్వపడ్డాడు. తిమోతి అతనికీ దణ్ణం పెట్టాడు.

పత్రికలు కొత్త దారి అని రాశాయి. ప్రతి ఊరివాళ్ళూ అదే కావాలన్నారు. తిమోతి ఒప్పుకోలేదు. "చావింటి ముందు ఒకసారి నడుస్తారు. రోజూ నడుస్తారా?" అన్నాడు. అందరూ వినయం అనుకున్నారు. అది భయమని నాకు తెలుసు. గొంతు పోయిన మనిషి ఎన్నాళ్ళు ఊపిరితో నెట్టుకొస్తాడు?

చీరాల పక్క పల్లెలో తన ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పక ముందే అడిగాడు.

"నాయన డప్పు యాడుంది కరుణా?"

"ఎందుకిప్పుడు?"

"యాడుందే?"

కరుణమ్మ మొదటిసారి మాటకు తడుముకుంది. "చక్క ఊడిపోయి తోలు మిగిలితే... కోళ్ళగంప మీద కప్పా."

పెరట్లోకి పోయాం. గంప మీద తోలు, తోలు మీద ఇటుక, లోపల పెట్ట. పోయినేడు వానకు తడిసి, ఎండకు వంకర్లు పోయి, పక్షి రెట్టలతో, అంచంతా పొడిచిన తూట్లతో ఉంది. తిమోతి నేల మీద కూర్చుండిపోయాడు. ఆమె కోడిని తోలేసి, తోలు కడిగి, నీడన ఆరబెట్టి, పక్కన కూర్చుంది. ఒక్క ఎగతాళి మాట అనలేదు. ఇద్దరూ దాన్ని వెలుగుకు ఎత్తి పట్టి వెతికారు. తూటు లేని చోటు ఒక బిళ్ళకు సరిపోయేంత మాత్రం మిగిలి ఉంది. కత్తి జారితే ఇంకొకటి లేదు.

"మీ చెయ్యి వణుకుతాంది. ఇటియ్యండి," అని ఆమె కోసింది. మగ్గాల పేట మనిషి, గీత తప్పలేదు.

తెల్ల బిళ్ళ పీకేసి దీన్ని అంటించారు. కరుణమ్మ పొయ్యిలోంచి బొగ్గులు లాగి మూకుట్లో వేసింది. తిమోతి కాచాడు. నేను నిప్పు చూస్తున్నాను, అతను నన్ను చూస్తున్నాడు, ఆమె ఇద్దర్నీ చూస్తోంది. ఎవరు ఎక్కువ భయపడ్డారో చెప్పలేను. తోలు టిక్కుమంది. ఊదాడు.

వచ్చింది. మునుపటి గొంతు కాదు. ఇంకాస్త చిరిగి, ఇంకాస్త పల్చగా. కానీ రెండు.

"నాయన గొంతులో కోడి కలిసింది," అన్నాడు తిమోతి. అని, చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఆ గొంతుతో అతను ఇంకా చాలా కట్టాడు. మంచివి. వాటిలో కొన్ని ఇప్పటికీ నా లోపల తిరుగుతుంటాయి. తర్వాత ఊపిరితిత్తులు మొరాయించాయి. డాక్టరు ఊదొద్దన్నాడు. తిమోతి మాట విన్నాడు. రోజూ నన్ను ఒళ్ళో పెట్టుకుని, నోటికి తాకించకుండా మీటలు మాత్రం కదిపేవాడు. టక, టక. తన ఇంట్లోనే నడుస్తున్నట్టు. ఈ వానాకాలం మొదట్లో ఆ చప్పుడు ఆగిపోయింది.

నన్ను నడవలో మేకుకు తగిలించారు. ఎన్నో దేశాలు తిరిగి మళ్ళీ మేకుకే వచ్చాను.

ఇవాళ పొద్దున హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దమనుషులే. నన్ను అద్దాల పెట్టెలో పెడతామన్నారు. పాలిష్ పట్టించి, తోళ్ళన్నీ కొత్తవి వేయించి, కింద పేరు రాయిస్తామన్నారు. మళ్ళీ పట్టకారు. మళ్ళీ ఆ డబ్బా. ఈసారి కోళ్ళగంప మీద కూడా ఏమీ మిగల్లేదు.

"తోళ్ళు మార్చకుండా పెట్టరా?" అంది కరుణమ్మ.

"పాతవి పెడితే పురుగు పడుతుందమ్మా. ఇక్కడే ఉంచినా ఈ వానలకి తేమెక్కి అది కుళ్ళిపోతుంది. కాపాడుకోవాలి గదా."

"ఒకావిడ ఇట్టాగే కాపాడింది జర్మనీలో," అంది కరుణమ్మ. "కాఫీ తాగి పోండి."

వాళ్ళు వెళ్ళిపోయారు. కానీ ఆ మాట ఆమెను పట్టుకుంది. సాయంత్రం దాకా నా కింద అటూ ఇటూ తిరిగింది. ఒకసారి వచ్చి మూత ఎత్తి వేలితో నొక్కింది. తోలు మెత్తగా లోపలికి దిగింది. తేమ. నాకు ముందే తెలుసు.

వాన వెలిసింది. వీధి చివర పెళ్ళి మేళం మొదలైంది. సాల్మన్ మాస్టరు గారు ఎప్పుడో పోయారు, మేళం మాత్రం ఉంది, కొత్త పిల్లలు, కొత్త పాటలు. దగ్గరికొస్తోంది. మా గడప పక్కన కుర్చీలో తిమోతి ఫోటో, దండ ఇంకా తీయలేదు. సరిగ్గా మా ఇంటి ముందు పాట పడిపోయింది.

ఎన్ని ఇళ్ళ ముందు ఆ నడక నడిచానో. ఇంటి లోపల నుంచి అది ఎలా వినపడుతుందో నాకు ఇన్నాళ్ళూ తెలియదు. టక, టక, టకటక. బోలెడు మంది ఒకే ఊపిరి పీలుస్తున్నట్టు గాలి చప్పుడు. పేరాలలో ఆ ఆడమనిషి తలెత్తి ఎందుకు చూసిందో అర్థమైంది. ఆమెను పలకరించినవాళ్ళం మేమొక్కళ్ళమే.

కరుణమ్మ నన్ను మేకు మీది నుంచి దించింది. వంటింట్లోకి తీసుకెళ్ళి పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. అన్నం దించేసిన పొయ్యి, ఎర్రటి బొగ్గులు. నన్ను రెండు చేతులా పట్టుకుని నిప్పు మీదికి వంచింది. ఎప్పుడూ చూడడమే గానీ చేసిన మనిషి కాదు. ఎంత దూరం పెట్టాలో తెలియదు. మరీ దగ్గరగా పెట్టింది. నాలో చెంబులన్నీ లేచాయి, గంట లేచింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. అచ్చం అతని వణుకే. ఎక్కడ అంటించుకుందో.

తోలు టిక్కుమంది. ఆమె గోటితో మీటింది. టమ్మంది, చిన్నగా. ఊదే ఊపిరి ఈ ఇంట్లో లేదు, ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"రేపూ కాస్తా," అంది నాతో.

బయట మీటల చప్పుడు ఇల్లు దాటుతోంది. భయం పోయిందని మీకు అబద్ధం చెప్పను. నిప్పు ఎర్రగా ఉంది, దగ్గరగా ఉంది. అయినా ఇంకాస్త దగ్గరగా పట్టుకోమనాలని ఉంది.